గొలుసుకోటలో వేలెత్తని రోజు

సింధూరగిరి యువరాజు అభయకేతుడు ఆముదపు తిత్తి భుజాన వేసుకుని, తూర్పు గొలుసు మీద బోర్లా పడుకుని పాకుతున్నాడు. ఒంటి మీద మసిబట్టిన గోచీ, తలకు నూనెగుడ్డ. మొలలో కత్తి లేదు, చెవులకు కుండలాలు లేవు. గొలుసుకోటలో అందరూ అతన్ని సంగడని పిలుస్తారు. మాంత్రికుడు ధూమ్రకేశుడు ఎత్తుకొచ్చిన అక్క తారావళిని విడిపించుకు పోవడానికి, గొలుసులకు ఆముదం పూసే పనివాడి వేషంలో అతను ఆ కోటలో చేరి పక్షం దాటింది.

అది నేల మీద నిలిచిన కోట కాదు. మంచు తలపాగాలు చుట్టుకున్న నాలుగు శిఖరాల మధ్య, నాలుగు ఇనుప గొలుసుల మీద, ఆకాశానికి కట్టిన ఉయ్యాలలా వేలాడుతూ ఉండేది. పగడపు రాతి ప్రాకారాలు, నెమలి కంఠం రంగు గోపురాలు, కిటికీలకు పొదిగిన చంద్రకాంత శిలలు. పొద్దెక్కేకొద్దీ ఆ శిలల మీద వెలుగు రంగులు మార్చుకుంటూ గోడల మీద పాకేది. ప్రాకారం కింద మేఘాలు గొర్రెల మందల్లా సాగిపోయేవి. వాటి కింద లోయ. దాని అడుగు చూసినవాళ్ళు ఆ కోటలో ఒక్కరూ లేరు.

కోట నాలుగు మూలలా నాలుగు బురుజులు. ఒక్కో బురుజులో ఏనుగంత చక్రం. శిఖరం నుంచి వచ్చిన గొలుసు ఆ చక్రానికి చుట్టుకుని ఉంటుంది. చక్రం చుట్టూ దిగ్గొట్టిన కర్రలు పట్టుకుని మనుషులు తిప్పితే గొలుసు బిగిసి ఆ మూల పైకి లేస్తుంది. సడలిస్తే కిందికి దిగుతుంది. ఆ మనుషులంతా ధూమ్రకేశుడు కొండపల్లెల నుంచి పట్టుకొచ్చిన వాళ్ళే. ఒక మూలవాళ్ళు మరో మూలకు అడుగు పెట్టకూడదని అతని శాసనం. కోటలో నాలుగు బురుజులూ తిరిగేవాడు ఆముదం పూసే సంగడొక్కడే.

రోజూ ఎండ నడినెత్తికి వచ్చేవేళ జేగంట మోగుతుంది. ధూమ్రకేశుడు నడిమి చావడిలోకి వచ్చి నేల మీద స్ఫటికగోళం పెడతాడు. అది ఎటు దొర్లితే ఆ మూల పల్లమైనట్టు. ఆ మూలవాళ్ళను వరసగా నిలబెట్టి, "తప్పు ఎవరిది?" అని అడుగుతాడు. వాళ్ళు ఎవరిని వేలెత్తి చూపితే వాడి మీదికి శిలాదండం ఎత్తుతాడు. పాదాల నుంచి మొదలై తల దాకా మనిషి రాయైపోతాడు. ఎత్తుగా ఉన్న మూలవాళ్ళకు మాత్రం ఆ పూట మాంసం, పాయసం. చావడి చుట్టూ నిలబడిన రాతి మనుషుల మధ్య నుంచే మిగిలినవాళ్ళు రోజూ నీళ్ళు మోసుకుపోతుంటారు.

ఆ ఉదయం అభయకేతుడు శిఖరం దగ్గర పడేసరికి గొలుసు అతని పొట్ట కింద కీచుమంది. చెయ్యి పెట్టి తడిమాడు. ఒక లంకె మీద నున్నగా మైనం తగిలింది. గోరుతో గీకితే మైనం ఊడి, దాని కింద పగులు బయటపడింది. చూపుడువేలు దూరేంత పగులు.

అతను పాకుతూ వెనక్కి వచ్చి, తూర్పు చక్రానికి పెద్ద అయిన గండన్న చెవిలో ఆ మాట వేశాడు. గండన్న నలభై దాటినవాడు, ఎద్దు మూపురం లాంటి భుజాలు. విని ఉలిక్కిపడలేదు. అటూ ఇటూ చూసి, "గట్టిగా మాట్లాడకు సంగా" అన్నాడు. "ఆ మైనం పూసింది నేనే."

"తెలిసే ఊరుకున్నావా అన్నా?"

"చెప్పి ఏం చెయ్యను? గొలుసు పగిలిందయ్యా అంటే, ఎవరి తప్పు అంటాడు. నా మనుషుల్లో ఎవర్ని చూపించమంటావ్? పెళ్ళై నెల తిరగని వాణ్ణా, చూపు మందగించిన ముసలాణ్ణా?" గండన్న నుదుటి చెమట తుడుచుకున్నాడు. "పడమటివాళ్ళు తెల్లారగానే ఇంత బిగిస్తున్నారు. వాళ్ళ మూల లేస్తే మా మూల పల్లమౌతుంది. మేమూ బిగించాలి. బిగించకపోతే గోళం ఇటే వస్తుంది."

అభయకేతుడు తిత్తి ఎత్తుకుని పడమటి బురుజుకు వెళ్ళాడు. అక్కడి గొలుసూ తడిమాడు. అక్కడ మైనం లేదు, పగులులో తారు కూరి గుడ్డ చుట్టి ఉంది. ఉత్తరాన సున్నం మెత్తారు. దక్షిణాన పగిలిన లంకెకు తీగ చుట్టారు. నాలుగు చోట్లా ఒకటే కథ. ప్రతి మూలవాళ్ళూ తమ గొలుసు ఒక్కటే చెడిందనుకుని, పక్కవాళ్ళకు తెలియకుండా దాచుకుని, పక్కవాళ్ళకంటే ఎక్కువ బిగిస్తున్నారు.

ఈ కోట ఇవాళో రేపో లోయలో పడుతుంది.

అతను పరుగు పరుగున నడిమి గోపురం మెట్లెక్కాడు. గోపురం మీద ఇనుప పంజరంలో తారావళి కూర్చుని ఉంది. మాసిన పట్టుచీర, అల్లుకోని జుట్టు. అయినా సింధూరగిరిలో ఏటి కట్టల పని చేయించినప్పటి తీరే, కళ్ళు ఒకచోట నిలవకుండా నాలుగు బురుజులనూ చూస్తూనే ఉన్నాయి. కీలుకు ఆముదం పోసే నెపంతో అభయకేతుడు రోజూ పంజరపు ఊచను ఆకురాయితో కోస్తున్నాడు. ఆ ఉదయానికి కొద్దిగానే మిగిలింది. గబగబా కోసి ఊచ వంచాడు.

"అక్కా, రా. కింద కొండచరియ నుంచి సరుకులు తెచ్చే తాడు గంప ఇప్పుడు దిగుతుంది. కాపలావాడు గోనెలు తేవడానికి వెళ్ళాడు. ఇద్దరం పడతాం. సాయంత్రానికి అడవి దాటేస్తాం."

తారావళి పంజరంలోంచి బయటికి వచ్చి, తమ్ముడి మొహంలోకి చూసింది. "ఎందుకింత కంగారు? ఏం చూశావ్?"

అతను చెప్పాడు. కింద ఉత్తరపు బురుజులో ఎవరో పాట ఎత్తుకుని చక్రం తిప్పుతున్నారు. గొలుసు మూలిగింది.

"ఇక్కడ కూర్చుని నేను చేసిన పని చూడడమొక్కటే" అంది తారావళి. "వీళ్ళలో సోమరి ఒక్కడు లేడు తమ్ముడూ. అరచేతులు చీలిపోయినా కర్ర వదలరు. ఇంత కష్టపడేవాళ్ళ కష్టమే కోటను కూలుస్తోంది. మనం గంపెక్కి పోతే వీళ్ళకు చెప్పేదెవరు?"

"నేను నాన్నగారికి మాటిచ్చాను, నిన్ను తెస్తానని."

"తెద్దువుగాని. ఇంకొక సంగతి చూశాను, విను. ధూమ్రకేశుడు ఎంత కోపంలో ఉన్నా, ముందు అడుగుతాడు. వీళ్ళు వేలు చూపించాకే దండం ఎత్తుతాడు. చూపించకముందు ఎత్తడం నేను ఒక్కసారీ చూడలేదు. ఒకనాడు దక్షిణం వాళ్ళు కాసేపు తటపటాయించారు. అప్పుడు అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇది నా ఊహే. తప్పైతే ప్రాణం మీదికొస్తుంది."

గిలక చప్పుడైంది. ఇద్దరూ గోడ మీద నుంచి తొంగి చూశారు. సరుకుల గంప ఖాళీగా మేఘాల్లోకి దిగిపోతోంది. అభయకేతుడు దాన్ని కనుమరుగయ్యేదాకా చూసి, తిత్తి మళ్ళీ భుజానికెత్తుకున్నాడు.

పడమటి చక్రానికి పెద్ద కొమరమ్మ. జుట్టు సగం నెరిసినా మగవాళ్ళతో సమంగా కర్ర తోసే మనిషి. అభయకేతుడు ఆమెకు నాలుగు పగుళ్ళ సంగతీ, అక్క ఊహా చెప్పి, "నాలుగు మూలలా ఒక్కసారే సడలిస్తే కోట చదునుగా ఉంటుంది, గొలుసులకు బరువు తగ్గుతుంది పెద్దమ్మా" అన్నాడు.

కొమరమ్మ నవ్వింది. ఆ నవ్వులో సంతోషం లేదు. "తూర్పోడు నిన్ను పంపాడా? మేం సడలిస్తాం, ఆళ్ళు సడలించరు. గోళం దొర్లుకుంటా మా మీదికొస్తది. నేనూ ఓ పూట అట్టా నమ్మాను అబ్బాయీ. అదుగో, చావడిలో ఎడం పక్క నిలబడున్నాడే, ఆయన నా పెనిమిటి. ఆ రోజు ఎవరూ ఎవర్నీ చూపించలేక ఏడుస్తుంటే, 'నన్ను చూపించు కొమరీ, పిల్లలకు నువ్వుండాలి' అన్నాడు. ఈ చేత్తోనే చూపించాను."

అభయకేతుడికి యుద్ధవిద్యలు నేర్పిన గురువులు ఇలాంటి చోట పనికొచ్చే విద్య ఏదీ నేర్పలేదు. చివరికి ఉన్నమాటే చెప్పాడు. "నేను సంగణ్ణి కాదు పెద్దమ్మా. సింధూరగిరి యువరాజును. ఇందాక గంపలో మా అక్కను తీసుకుపోగలిగేవాణ్ణే. అది ఖాళీగా దిగిపోవడం నువ్వూ చూసుంటావు. గండన్న నిన్ను మోసం చేస్తాడో లేదో నేను చెప్పలేను. అతనూ నీలాగే పగులు దాచుకుని, నీ భయంతోనే బిగిస్తున్నాడని మాత్రం నా కళ్ళతో చూశాను."

కొమరమ్మ కర్ర వదిలి, చేతులు కొంగుకు తుడుచుకుని, తనవాళ్ళతో, "నేను వచ్చేదాకా ఎవరూ బిగించకండి" అంది. అని బురుజు దిగి, చావడిలో అడుగుపెట్టి, ఎవరూ దాటని దారిన, రాతి మనుషుల మధ్య నుంచి తిన్నగా తూర్పు బురుజుకు నడిచింది. నాలుగు మూలలా చక్రాలు ఆగిపోయాయి. ఈలోగా అభయకేతుడు మిగిలిన బురుజులకు పరుగెత్తి, గోపురం మీద నుంచి తారావళి కేకేయగానే అందరూ ఒక్కసారే సడలించాలని చెప్పాడు.

గండన్న ఆమెను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "నువ్వు ఇటు రాకూడదు కదమ్మా."

"వచ్చాను. ఇక్కడే ఉంటాను." కొమరమ్మ తూర్పు చక్రం కర్ర పట్టుకుంది. "మావాళ్ళు సడలిస్తారు, మీరూ సడలించండి. సడలించకుండా నిన్ను మోసం చేస్తే గోళం ఈ మూలకే వస్తది కదా. అప్పుడు నన్నే చూపించు. నీ మనుషుల్ని చూపించే పని లేదు."

గండన్న వెనక నిలబడ్డ ముసలివాడు ముందుకొచ్చి, "అయితే నేను పడమటికి పోతా" అన్నాడు. అది చూసి ఉత్తరం నుంచి ఒకడు దక్షిణానికి బయల్దేరాడు, దక్షిణం నుంచి ఒక ఆడమనిషి ఉత్తరానికి నడిచింది. ఏళ్ళ తరబడి దూరం నుంచి తిట్టుకున్నవాళ్ళు మొదటిసారి ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. అందరి అరచేతులూ ఒకేలా కాయలు కాసి ఉన్నాయి.

తారావళి గోపురం అంచున నిలబడింది. అక్కడి నుంచి నాలుగు మూలలూ కనిపిస్తాయి. ఆమె చెయ్యి పైకెత్తి దించింది. "సడలించండి. మెల్లగా. తూర్పు ఆగండి. దక్షిణం ఇంకొంచెం. చాలు."

నాలుగు చక్రాలు ఒక్క ఊపులో వెనక్కి తిరిగాయి. గొలుసుల మూలుగు సన్నగిల్లి ఆగిపోయింది. కోట ఒకసారి ఊగి నిలిచింది. ఇంతకాలం ఒక పక్కకు ఒరిగి నడవడం అలవాటైన కాళ్ళు తడబడ్డాయి. ఎవరో పకపకా నవ్వారు. ఆ కోటలో అలాంటి నవ్వు వినిపించి ఎన్నాళ్ళయిందో.

అంతలో జేగంట మోగింది.

ధూమ్రకేశుడు వచ్చాడు. పొగ చుట్టుకున్నట్టున్న జటలు, పులితోలు మీద మొసలిపళ్ళ హారం, చేతిలో కొనన పచ్చని మంట నిలిచిన శిలాదండం. అతను చావడి మధ్య గోళం పెట్టాడు. గోళం కదల్లేదు. కాలితో తట్టాడు. అది అరచేతి దూరం పోయి ఆగింది. అతను తలెత్తి చూశాడు. తూర్పు మూలన పడమటి కొమరమ్మ, పడమటి మూలన తూర్పు ముసలివాడు, గోపురం మీద పంజరం బయట తారావళి.

"ఎవరు చేశారిది?" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచే అవసరం అతనికి ఎన్నడూ రాలేదు. "చెప్పినవాడికి ఈ రోజే విడుదల. నా పక్షి మీద ఇంటి దగ్గర దింపుతాను."

ఎవరూ పలకలేదు. అతను తూర్పువాళ్ళ దగ్గరికి నడిచి గండన్న ముందు ఆగాడు.

"గండన్నా, నువ్వు నా మాట ఎప్పుడూ జవదాటలేదు. నీకు ఇంటి దగ్గర కూతురుంది కదా. తప్పు ఎవరిది?"

గండన్న కుడిచెయ్యి పైకి లేచింది. అది అతను లేపినట్టు లేదు, ఏళ్ళ అలవాటు లేపినట్టుంది. వేలు విచ్చుకుంది. పక్కనే కొమరమ్మ కదలకుండా నిలబడింది. అభయకేతుడు అడుగు ముందుకేసి తననే చూపించమని చెప్పబోయాడు. ఆ లోపే గండన్న చెయ్యి దిగి, చక్రం కర్రను పట్టుకుంది.

"మా గొలుసు పగిలింది సామీ" అన్నాడు గండన్న. మాట తడబడింది, కాని ఆగలేదు. "నాలుగూ పగిలాయి. బాగు చెయ్యాలి. తప్పెవరిదో నాకు తెలీదు."

"మాది కూడా పగిలింది" అంది పడమటి నుంచి ఒక గొంతు. ఉత్తరం నుంచి మరొకటి. దక్షిణం నుంచి ఇంకొకటి. దాచుకున్న పగుళ్ళన్నీ ఒక్కొక్కటే చావడిలోకి వచ్చి పడ్డాయి.

ధూమ్రకేశుడు దండం ఎత్తి అభయకేతుడి మీదికి విసురుగా చూపాడు. పచ్చని మంట దండం కొనన రెపరెపలాడి, నూనె అయిపోయిన దీపంలా ఆరిపోయింది. అభయకేతుడు తన పాదాల వంక చూసుకున్నాడు. వేళ్ళు కదుపుతున్నాడు. అక్క ఊహ నిజమైంది. మనుషులు ఒకరినొకరు చూపిస్తేనే ఆ దండానికి బలం.

కొమరమ్మ మాత్రం చావడిలో ఎడం పక్కకే చూస్తోంది. ఆ రాతి మనిషిలో చలనం లేదు. అభయకేతుడు ఆ చూపు గమనించాడు. రాయిని మళ్ళీ మనిషిని చేసే మంత్రం తెలిసినవాడు ఒక్కడే, వాడు పారిపోకూడదు.

కాని ధూమ్రకేశుడు అప్పటికే వేలితో ఈల వేశాడు. ఇంటి కప్పంత రెక్కల రాబందు ప్రాకారం మీద వాలింది. అతను దాని మీదికి దూకి ఉత్తర శిఖరం వైపు దూసుకుపోయాడు. "నాకు లేని కోట ఎవరికీ ఉండదు" అన్న అరుపు గాలిలో వినిపించింది. అతని చేతిలోంచి లేచిన నిప్పు శిఖరం కొసన మెరిసింది. గొలుసును పట్టుకున్న మేకు కరిగి ఊడింది. ఉత్తర గొలుసు కొండచిలువలా మెలికలు తిరుగుతూ లోయలోకి జారిపోయింది.

కోట ఉత్తరం వైపు ఒరిగింది. కుండలు, దుంగలు, మనుషులు నేల మీద జారుతున్నారు. ఒక రాతి మనిషి పక్కకు వాలి గోడకు ఆనుకున్నాడు. తారావళి గోపురపు స్తంభాన్ని చుట్టుకుని కేకేసింది. "దక్షిణం వదలండి. పూర్తిగా వదలండి. తూర్పు, పడమర బిగించండి, ఇద్దరూ కలిసి."

గొలుసు పోయిన ఉత్తరం వాళ్ళు ఎవరి ఆజ్ఞ కోసమూ చూడలేదు. సగం మంది తూర్పుకు, సగం మంది పడమరకు పాకుతూ ఎగబాకారు. కర్రలు చాలకపోతే పట్టుకున్నవాళ్ళ నడుములు పట్టుకుని లాగారు. కొమరమ్మ, గండన్న ఒకే కర్రకు రొమ్ములు ఆనించి తోస్తున్నారు. కోట ఒరగడం ఆగింది. అంగుళం అంగుళంగా లేవసాగింది.

రాబందు మళ్ళీ తిరిగింది. ఈసారి తూర్పు శిఖరం వైపు. ఇప్పుడు కోట బరువంతా మోస్తున్న రెండు గొలుసుల్లో అదొకటి.

అభయకేతుడు తూర్పు బురుజు అంచుకు పరుగెత్తాడు. తిత్తి విసిరేసి, అరచేతుల జిడ్డు గోడకు రాసి, గొలుసు మీద నాలుగడుగులు పరుగెత్తి, రాబందు తన తల మీదుగా పోయే క్షణాన ఎగిరి దాని కాలు పట్టుకున్నాడు. పక్షి బరువుకు తూలింది. ధూమ్రకేశుడు విసిరిన నిప్పు గురి తప్పి కొండచరియను తాకింది. రాళ్ళు దొర్లాయి గాని మేకు నిలిచింది. పక్షి కీచుమంటూ దిక్కు మార్చి మేఘాల్లోకి పైకి లేచింది.

"తమ్ముడూ" అన్న పిలుపు కింద నుంచి ఒకసారి వినిపించింది. అభయకేతుడు వంగి చూశాడు. పగడపు ప్రాకారాలు చదునుగా నిలిచి ఉన్నాయి. రెండు చక్రాల చుట్టూ మనుషులు చీమల పుట్టల్లా మూగి ఉన్నారు. గోపురం మీద అక్క ఒక చెయ్యి స్తంభానికి చుట్టి, రెండో చేత్తో వాళ్ళకు దారి చూపిస్తోంది. అతని వైపు చూసే తీరిక ఆమెకు లేదు. అతనికి అది చాలనిపించింది.

తెల్లని మంచులో ఎంతసేపు ఎగిరారో తెలియలేదు. గాలి కత్తులై కోస్తోంది. రాబందు కాలిని విదిలించినప్పుడల్లా అతని వేళ్ళు ఒక్కొక్కటే జారుతున్నాయి. ఉన్నట్టుండి మంచు వీడింది. ఎదురుగా ఎండలో, వేరే నాలుగు శిఖరాల మధ్య, మరకత రాతి గోడలతో మరో గొలుసుకోట వేలాడుతోంది. మొదటిదానికంటే పెద్దది. ఒక పక్కకు ఎంతగా ఒరిగి ఉందంటే, దాని కొలనులోని నీళ్ళు గట్టు దాటి సన్నని ధారగా లోయలోకి పడుతున్నాయి. నాలుగు బురుజుల్లోనూ వందల మంది వంగి చక్రాలు బిగిస్తున్నారు. గొలుసుల మూలుగు ఇంత ఎత్తుకూ వినిపిస్తోంది.

పక్షి మీద ధూమ్రకేశుడు వంగి కిందికి చూసి, దిగమని దాని మెడ తట్టాడు. కాలికి వేలాడుతున్నవాడు ఎప్పుడో జారిపోయాడనుకున్నాడు కాబోలు, ఆ వైపు చూడనే లేదు. కోటలో జేగంట మోగింది. చక్రాల దగ్గర మనుషులు కర్రలు వదిలి, తలలు దించుకుని వరసగా నిలబడసాగారు.

వంటశాల కప్పు మీద ఆరబోసిన గడ్డి కాళ్ళ కిందికి రాగానే అభయకేతుడు చేతులు వదిలేశాడు.